గడియ లేని పాకం కొట్టం

జిల్ఫా ట్యూక్స్‌బరీ ఊరబెట్టిన పుల్ల దోసకాయ ఒకటి కొరికి, ఒక ఆదివారం పాదిరిగారు ప్రసంగం సగంలోనే ఆపేశారని హార్న్‌బీమ్ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెదవులు అతుక్కుపోయాయట. ఊరంతా ఆ దోసకాయకు లోలోపల దణ్ణం పెట్టుకుందట. ఈ కథలో కొంత కల్పన ఉంటే ఉండొచ్చు గానీ, దోసకాయ పులుపులో మాత్రం రవ్వంత కల్పన లేదు.

జిల్ఫాకి అప్పటికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. మనిషి ఎండిన చితుకులా ఉండేది. భర్త ఏమోస్ పోయిన నాటినుంచి ఆయన కోటే తొడుక్కునేది. ఆయన బూట్లలో మేజోళ్లు కుక్కుకుని నడిచేది. న్యూ హ్యాంప్‌షైర్ కొండల్లో మార్చి నెల రాగానే మేపుల్ చెట్లకు గాట్లు పెట్టి, బకెట్లలో చెట్టునీరు పట్టి, ఇంటి వెనక పాకం కొట్టంలో పెద్ద పెనం మీద కాచడం ఆమె పని. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే చెట్టు నీరిస్తుంది. అది ఎప్పుడిస్తుందో చెట్టుకూ దేవుడికీ తప్ప మూడోవాడికి తెలియదు. ఇచ్చిననాడు మాత్రం పొయ్యి వదిలి కదలడానికి వీల్లేదు. కాస్త ఏమరితే పెనం మాడి బొగ్గవుతుంది.

ఆ కొట్టం తలుపుకు గడియ లేదు. ఏమోస్ కట్టినప్పుడే పెట్టలేదు. "ఆకలేసినవాడిచేత తలుపు కూడా కొట్టించడం ఎందుకే?" అన్నాడట. పైకప్పు గూటిలోంచి తెల్లటి ఆవిరి లేచిందంటే పిలుపు అందినట్టే. ఎవరైనా రావచ్చు. వచ్చేవాళ్లు చేతిలో ఏదో ఒకటి పట్టుకొస్తారు. ఒకరు డోనట్లు, ఒకరు దోసకాయల జాడీ, ఏమీ లేనివాళ్లు చంకలో నాలుగు కట్టెలు. పళ్లెంలో శుభ్రమైన మంచు పరిచి, దానిమీద వేడి ముదురుపాకం పోస్తే తీగలా సాగుతుంది. తిని తిని తీపి మొహం మొత్తాక దోసకాయ కొరుకుతారు. ఆ పులుపుకి కళ్లు మూసుకుపోయి, మళ్లీ తెరుచుకోగానే మళ్లీ తీపి మీదికే వెళతాయి. కొట్టంలో ఉన్న చట్టం ఒక్కటే. ఆవిరి కిందికి వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడగకూడదు. తిన్నది దెప్పకూడదు.

ఏమోస్ పోయిన ఏడు వసంతంలో జిల్ఫా పాకం కోసం పొయ్యి వెలిగించలేదు. ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక వెలిగించింది. ఆవిరి చూసి ఊరు ఒక్కొక్కరుగా వచ్చింది. ఒక్కరూ ఓదార్చలేదు. పాకం తిన్నారు, బురదను తిట్టారు, కట్టెలు ఎగదోశారు, వెళ్లిపోయారు. ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టింది. అందుకే ఆ తలుపు ఆమెకు వట్టి తలుపు కాదు.

అలాంటి తలుపు జోలికి వచ్చినవాడు పరాయివాడైనా బాగుండేది. సొంత మరిది. ఏమోస్ తమ్ముడు ఓరిన్, ఊరి పెద్దలు ముగ్గురిలో పెద్దవాడు. చెడ్డవాడు కాదు. ఊరికి మంచి చెయ్యాలని తెగ తాపత్రయపడేవాడు. అదే అతనిలో ఉన్న చిక్కు.

అది దేశాధ్యక్షుడి ఎన్నికల ఏడు. ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే మొట్టమొదటి ఓటు ఈ రాష్ట్రంలోనే పడుతుంది. ఆ రోజుల్లో అది, ఊరంతా కూడి ఊరి సంగతులు ఓటుతో తేల్చుకునే ఊరిసభ జరిగే మార్చి మంగళవారం నాడే పడేది. సభ హాల్లో పొయ్యి రెండుసార్లు వెలిగించడం దండగని మనవాళ్ల లెక్క. దాంతో జనవరినుంచీ పెద్దపెద్దవాళ్లు కోట్లు వేసుకుని ఇంటింటికీ వచ్చేవారు. వాళ్ల వెనకాల పత్రికలవాళ్లు. అంతకుముందు వసంతంలో అలాంటి పత్రికాయన ఒకడు జిల్ఫా కొట్టంలో కుండెడు పాకం తిని, కడుపునొప్పి తెచ్చుకుని, హార్న్‌బీమ్ ఇంకా తాతల కాలంలోనే ఉందని రాశాడు. ఓరిన్‌కి తల కొట్టేసినట్టయింది. అదే సమయానికి రాజధానిలో ఒక కొత్త పథకం పుట్టింది. శుభ్రత నిబంధనలు పెట్టుకున్న ఊళ్లకు హాలు బాగుచేసుకోవడానికి సాయం చేస్తారట. హార్న్‌బీమ్ హాలు పైకప్పు కారుతూనే ఉంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ రెండూ కలిసి జిల్ఫా కొట్టం మీద పడ్డాయి.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు ఓరిన్ చంకలో ఒక పైన్ చెక్క పెట్టుకుని వచ్చాడు. దానిమీద నల్లరంగుతో 'అనుమతి లేనిదే లోపలికి రాకూడదు' అని రాసి ఉంది.

"ఏంటి మరిదీ అది? నీ సమాధి రాయా?" అంది జిల్ఫా, పెనం తోముతూ.

"నవ్వకు వదినా. ఊరిసభలో తీర్మానం పెడుతున్నా. బయటివాళ్లను రానిచ్చే కొట్టాలకు ఊరి అనుమతి ఉండాలి. గిన్నెలు కడగడానికి మూడు తొట్లుండాలి. తలుపుకు గడియ ఉండాలి. వచ్చేపోయేవాళ్లను చూసుకోవడానికో మనిషుండాలి. అవి లేనివాళ్లు కాచుకోవచ్చు గానీ తలుపు మూసుకుని కాచుకోవాలి."

"తీర్మానం ఇంకా నెగ్గలేదుగా? అప్పుడే బోర్డెందుకు రాయించావు?"

"రంగు ఆరడానికి టైం పడుతుందని."

జిల్ఫా ఒక్క క్షణం అతని వంక చూసి, మళ్లీ తోమడంలో పడింది. "గోడకు ఆనించి పో."

"కాలం మారింది వదినా. రేపు ఎవడికో కడుపునొప్పొస్తే?"

"వాడి కడుపు వాడిది. తినేముందు వాణ్ణి చూసుకోమను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి నాకు తెలియకుండా పోయిననాడు కబురు పెడతాలే. అప్పుడు రా."

ఓరిన్ గొంతు తగ్గించాడు. "హాలు పైకప్పు వస్తుంది వదినా. రాజధాని ఇస్తుంది."

"రాజధానిలో డబ్బు కాసే చెట్టుందా? మనం చెట్టుకు బొక్క పెడతాం, వాళ్లు మన జేబుకు పెడతారు. మన నీరే బకెట్లతో పట్టుకెళ్లి, అక్కడ కాచుకుని, గిన్నె నాకగా మిగిలిన చెంచాడు పాకం తెచ్చి 'ఇదిగో దానం' అంటారు. దణ్ణం పెట్టి పుచ్చుకోవాలి మనం."

"నీతో మాట్లాడటం కంటే ఎడ్లతో మాట్లాడటం నయం."

"అవును, అవి తీర్మానాలు పెట్టవు." ఇక్కడ ఆమె పెనం పక్కన పెట్టి నిలబడింది. "విను ఓరిన్. నీ తీర్మానం నెగ్గిందంటే పొయ్యి ఆర్పేస్తా. తలుపు మాత్రం మూసి కాచను. మళ్లీ చెప్పను."

జిల్ఫా ఒకసారి అన్న మాట రెండోసారి అనదని ఊరికంతా తెలుసు. ఓరిన్‌కి మరీ తెలుసు. అయినా ఏం చేస్తాడు? తీర్మానం పెడతానని మాట ఇచ్చేశాడు, బోర్డు రాయించేశాడు. మంచి చేసే మనిషి ఒకసారి బయలుదేరాక ఆపడం దేవుడి తరం కూడా కాదు.

ఇక అధ్యక్ష పదవికి వచ్చేవాళ్ల సంగతి. ఊళ్లోకి వచ్చిన ప్రతి ఒక్కరూ జిల్ఫా కొట్టానికి రావలసిందే. అక్కడ ఫోటో బాగా పడుతుంది కాబట్టి. ఆమె ఎవరినీ కాదనలేదు. తిండి పెట్టేది, తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసేది. "మీరొస్తే ఏమేం చేస్తారో చెప్పారు. బాగుంది. ఏమేం చెయ్యకుండా ఉంటారో చెప్పండి." ఈ ప్రశ్నకు జవాబు జేబులో పెట్టుకుని వచ్చినవాడు ఒక్కడూ లేడు.

జనవరిలో వచ్చినాయన బల్ల గుద్ది మరీ స్వేచ్ఛ గురించి చెప్పాడు. ప్రభుత్వం మన పొయ్యిలో వేలు పెట్టకూడదన్నాడు. కొట్టంలో అందరి ముఖాలూ వెలిగాయి. పొరుగున ఉండే ఫినియస్ డ్రూ, గుర్రాలతో కలప లాగే మనిషి, మెల్లగా అడిగాడు. "అయితే మావాణ్ణి బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లరన్నమాట?"

"అది వేరు. అది దేశరక్షణ."

"మా లైబ్రరీలో ఏ పుస్తకం ఉండాలో మీవాళ్లు చెప్పరుగా?"

"అది వేరు. అది నీతికి సంబంధించింది."

ఆయన వెళ్లాక జిల్ఫా చలి కాచుకోవడానికి వేసిన పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "స్వేచ్ఛ గురించి బాగానే చెప్పాడు. ఆయన ఇంట్లో 'అది వేరు' అనే గది ఒక్కటే కాస్త పెద్దది," అంది.

ఊరిసభకు ముందు శనివారం థర్లో బాస్కమ్ వచ్చాడు. వేరే రాష్ట్రానికి గవర్నరుగా చేసిన మనిషి. చక్కటి మాటతీరు, చల్లని నవ్వు. కొట్టం ఇంకా కూతవేటు దూరంలో ఉండగానే ఆయన పొడవాటి నల్లకారు బురదలో ఇరుసుదాకా దిగబడింది. మార్చి బురద అంటే హార్న్‌బీమ్ బురదే. అందులో ఒకసారి తపాలా బండి మునిగిపోతే, ఆ ఏడు ఈస్టర్ కార్డులు జూన్‌లో తేలాయంటారు. ఫినియస్ గుర్రాల జతను తెచ్చి గొలుసు తగిలించి లాగేశాడు. గవర్నరుగారి మనిషి జేబులోంచి నోటు తీస్తే, ఫినియస్ దాన్ని చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు.

"వచ్చే ఏడు నా బండి దిగబడితే మీరొచ్చి లాగండి, సరిపోతుంది."

బాస్కమ్ నవ్వుతూ లోపలికి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. బూట్ల నిండా బురద. "అమ్మా, నేను గెలిస్తే మొట్టమొదట ఈ రోడ్డు వేయిస్తాను," అన్నాడు.

"వద్దు బాబూ. ఈ బురద ఉండబట్టే మీలాంటివాళ్లు నాలుగేళ్లకోసారి వస్తున్నారు. లేకపోతే రోజూ వస్తారు."

కొట్టమంతా గొల్లుమంది. బాస్కమ్ కూడా మనసారా నవ్వాడు. అక్కడ ఆమెకు ఆ మనిషి కాస్త నచ్చాడు. ఓరిన్ తీర్మానం గురించి ఎవరో చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "దానికి విరుగుడు నా దగ్గరుందమ్మా. పల్లెల్లో వంటశాలల కోసం ఒక శాఖ పెడతాను. మీకు మూడు తొట్లూ వాళ్లే పెట్టిస్తారు. గడియ కూడా ఉచితం."

"అంటే ఒకాయన నా తలుపుకు గడియ పెట్టమంటాడు, ఇంకొకాయన ఆ గడియ కొనిపెడతానంటాడు. గడియే అక్కర్లేదనేవాడు ఒక్కడూ లేడా?" జిల్ఫా మంచు పళ్లెం ఆయన ఒళ్లో పెట్టింది. "పోనీ, ఏమేం చెయ్యకుండా ఉంటారో చెప్పండి."

బాస్కమ్ పళ్లెం పట్టుకుని ముందుకు వంగాడు. "ప్రభుత్వం అసలు ఏమీ చెయ్యకూడదంటారా? రేపు ఎవడో ఎవడి గొంతో నులిమితే?"

అప్పుడే పెనంలో పాకం బుసబుసా పొంగింది. పత్రికల కుర్రాడొకడు "అమ్మో!" అని లేచాడు. జిల్ఫా కదల్లేదు. పెనానికి సరిగ్గా పైన, ఒక దారానికి చిన్న పందికొవ్వు ముక్క వేలాడుతోంది. పొంగు పైకి పైకి వచ్చి ఆ ముక్కను తాకింది. తాకగానే చప్పబడి అణిగిపోయింది.

"అదిగో, అంత ప్రభుత్వం చాలు," అంది జిల్ఫా. "పొంగి పక్కవాడి మీద పడబోతే తాకుతుంది. లేకపోతే ఊరికే వేలాడుతుంది. పాకం ఎలా కాచాలో నాకు చెప్పదు. దాన్ని తీసి పెనంలో పడేశామనుకో, పాకమంతా కొవ్వు కంపు."

బాస్కమ్ తలెత్తి ఆ కొవ్వు ముక్కను చూశాడు. దోసకాయ కొరికి, కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "మీ ప్రశ్నకు జవాబు ఆలోచించి చెబుతానమ్మా."

"ఆలోచించండి. మంగళవారం దాకా టైముంది."

సోమవారం రాత్రి ఎముకలు కొరికే చలి వేసింది. మంగళవారం పొద్దున్నే ఎండ విరగకాసింది. దాంతో చెట్లకు పూనకం వచ్చింది. బకెట్లు కాసిని గంటల్లోనే నిండి పొర్లాయి. ఆ ఏడాదికే పెద్ద నీరు అది. సరిగ్గా ఊరిసభ రోజునే.

జిల్ఫా తల పట్టుకుంది. హాలు రోడ్డుకు అవతల, కనుచూపు మేరలోనే ఉంది. కానీ పెనం వదిలి ఎలా పోతుంది? ఆమె వైపు ఓటు వేసేవాళ్లంతా చెట్లున్నవాళ్లే. వాళ్లూ పెనాలకు కట్టుబడి ఉన్నారు. హాల్లో మిగిలింది చెట్లు లేనివాళ్లు, పైకప్పు కారి నెత్తిన చుక్క పడుతున్నవాళ్లు.

"తీర్మానం మధ్యాహ్నంలోపు వస్తే మన పని అయినట్టే పెద్దమ్మా," అన్నాడు ఫినియస్, నీటి పీపా దింపుతూ.

"రాదు. ముందు మంచు తోసే బండి కొనాలా వద్దా అనేది ఉంది. దానిమీద ఓరిన్ మాట్లాడతాడు. ఓరిన్ మాట్లాడితే ఎండ కూడా ఆగి వింటుంది."

ఆమె అన్నట్టే అయింది. పొద్దుటంతా మంచుబండే తినేసింది. సభను నడిపే లెమ్యూల్ శాన్‌బోర్న్ సుత్తి కొట్టి భోజనాలకు విరామం ఇచ్చాడు.

భోజనాలు హాలు కింది గదిలో. కానీ ఊరిసభనాడు తీపి ఎప్పుడూ జిల్ఫా దగ్గరే. జనం రోడ్డు దాటి కొట్టంలోకి వచ్చి పడ్డారు. పళ్లేలు, మంచు, డోనట్లు, ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ. ఆ సందడిలో బయటినుంచి ఒక గొంతు దగ్గరవుతూ వచ్చింది.

"ఆ బండి కొంటే ఊరు మునుగుతుందా? నేనడుగుతున్నా, మునుగుతుందా?"

ఓరిన్. అతని ఇల్లు హాలుకూ కొట్టానికీ మధ్యలోనే ఉంది. మంచుబండి గురించి ఎవరితోనో వాదిస్తూ రోడ్డు దాటాడు. వాదిస్తూనే తన ఇంటి మెట్లెక్కి, గట్టుమీది దోసకాయల జాడీ చంకన పెట్టుకున్నాడు. వాదిస్తూనే కొట్టంలోకి వచ్చి, తన అలవాటు పీట మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లుగా ఊరిసభ నాటి మధ్యాహ్నం అతని కాళ్లు చేసే పని అదే. కాళ్లకు తీర్మానం సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫినియస్ నోరు తెరవబోయాడు. జిల్ఫా గరిటె ఎత్తి అతని వైపు చూపించింది. "ఆవిరి కింద దెప్పడాలు లేవు." ఆమె పళ్లెంలో మంచు పరిచి, మిగతావాళ్లకంటే ఒక గరిటె ఎక్కువే పాకం పోసి, మరిది చేతికిచ్చింది.

ఓరిన్ ఇంత ముద్ద తీసి నోట్లో వేసుకుని, నములుతూ తలెత్తాడు. ఎదురుగా, గోడకు ఆనించి, తను రాయించిన బోర్డు.

'అనుమతి లేనిదే లోపలికి రాకూడదు.'

పాపం, ఏదైనా అందామంటే దవడలు కదలవు. ముదురుపాకం రెండు పళ్లవరసల్నీ బంకలా పట్టేసింది. "ఊ... ఊఁ..." అన్నాడు. చెవులు మందారాల్లా అయ్యాయి. పళ్లెం పక్కన పెట్టి, టోపీ తీసుకుని, వచ్చినదానికంటే వేగంగా వెళ్లిపోయాడు. అతను రోడ్డు దాటేదాకా ఒక్కరూ నవ్వలేదు. దాటాక మాత్రం కొట్టం కప్పు లేచిపోయిందన్నంత పని జరిగింది.

పీట కింద అతని జాడీ ఉండిపోయింది.

జిల్ఫా ఆ జాడీని చూసింది. పెనాన్ని చూసింది. "నువ్వు వెళ్లు పెద్దమ్మా, నేను కాస్తా," అంది ఫినియస్ భార్య కోరా, గరిటె అందుకుంటూ. ఏమోస్ పోయాక ఆ గరిటెను జిల్ఫా ఎవరి చేతికీ ఇచ్చి ఎరగదు. ఆ రోజు ఇచ్చింది. జాడీని కోటు కింద పెట్టుకుని రోడ్డు దాటింది. ఆవిరి కింద దెప్పకూడదు. నిజమే. కానీ మరిచిపోయిన వస్తువు యజమానికి అప్పగించడం దెప్పడం ఎలా అవుతుంది?

హాల్లో ఓరిన్ మాట్లాడుతున్నాడు. పళ్ల సందున ఇంకా తీపి ఉన్నట్టుంది, మాట కాస్త సాగుతోంది. అయినా బాగానే చెప్పాడు. ఊరి పరువు అన్నాడు, శుభ్రత అన్నాడు, కారే కప్పు అన్నాడు. ఆ మాటకు సాయం పట్టినట్టు పైనుంచి ఒక చుక్క లెమ్యూల్ కాగితాల మీద టప్పున పడింది. కొందరు తలలూపారు. జిల్ఫా వెనక నిలబడి ఆ తలలు చూసింది. ఇది నెగ్గితే ఈ సాయంత్రమే పొయ్యి ఆర్పాలి. మాటంటే మాటే.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాడు లెమ్యూల్.

జిల్ఫా నడిమి దారిలోంచి ముందుకు నడిచింది. కోటు విప్పి, జాడీ తీసి, అందరికీ కనబడేలా పైకెత్తింది.

"ఓరిన్, దోసకాయలు మరిచిపోయావయ్యా."

ముందు వెనక బెంచీనుంచి ఒక కిసుక్కు వచ్చింది. తర్వాత హాలు హాలంతా పగలబడింది. ముసలివాళ్లు బెంచీలు చరిచారు. లెమ్యూల్ సుత్తి కొట్టీ కొట్టీ అలసిపోయి, "జిల్ఫా, ఇది తీర్మానానికి సంబంధించిన విషయమేనా?" అన్నాడు.

"జాడీగలాయన్ని అడగండి."

నవ్వులు అణిగాక ఆమె గొంతు మారింది. "నేను ఉపన్యాసాలు చెప్పేదాన్ని కాదు. ఓరిన్ ఈ మధ్యాహ్నం వచ్చాడు, నాకు సంతోషం. వాళ్లన్న పోయిన ఏడు కూడా వచ్చాడు, ఆ పీట మీదే కూర్చున్నాడు. గడియ ఉంటే ఈ జాడీ బయటే ఉండేది. దాంతోపాటు ఓరిన్ కూడా. నా తలుపు తీసి ఉంచాలో మూసుకోవాలో నన్ను తేల్చుకోనివ్వండి. మీ తలుపుల జోలికి నేనెప్పుడూ రాలేదు."

కొత్తగా వచ్చిన బడిపంతులమ్మ లేచి, "మరి పైకప్పు మాటేమిటండీ? నా పిల్లలు ఇక్కడే పాటలు నేర్చుకుంటారు," అంది. న్యాయమైన ప్రశ్నే.

ఫినియస్ గోడ దగ్గరనుంచి, "నా కొట్టంలో దేవదారు చెక్క పెంకులున్నాయి. ఊరికే చివుకుతున్నాయి," అన్నాడు.

"మేకులు నావి," అన్నాడు ఇంకొకాయన.

"నిచ్చెన నాది. ఎక్కడం మాత్రం ఇంకెవరైనా ఎక్కండి, మా ఆవిడ ఒప్పుకోదు."

"బురద ఆరగానే మొదలుపెడదాం. భోజనం మేం పెడతాం." ఇది ఆడవాళ్ల బెంచీనుంచి.

లెమ్యూల్ ఎవరి ముఖం వంకా చూడకుండా, "అది తీర్మానం కాదు, కాబట్టి ఓటు అక్కర్లేదు. జరిగిపోయినట్టే," అన్నాడు.

అయినా అసలు తీర్మానం మిగిలే ఉంది. చేతులెత్తితే లెక్క తేలదని, మనుషుల్ని రెండు వైపులకూ విడగొట్టమన్నాడు ఓరిన్. అది ఎవరైనా అడగొచ్చు. పైగా ఎటువైపు ఎవరనేది తనే చెప్పాడు. "తీర్మానం కావాలన్నవాళ్లు పొయ్యి వైపు, వద్దన్నవాళ్లు కిటికీల వైపు."

తెలివైన పనే. మార్చి నెలలో, ఆ హాల్లో, కిటికీల వైపు వెళ్లడమంటే నదిలో దిగినట్టే. సందులన్నీ ఈలలు వేస్తుంటాయి. ముసలి ప్రాణాలు పొయ్యి వదలవని అతని అంచనా.

జిల్ఫా ముందు నడిచింది. కిటికీ పక్కన నిలబడి కోటు గుండీలు పెట్టుకుంది. వెనక్కి చూడలేదు. బెంచీలు కిర్రుమన్నాయి. బూట్లు చప్పుడయ్యాయి. ఒకరు దగ్గుతూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. తర్వాత ఇంకొకరు. తర్వాత చప్పుడు ఎక్కువైంది. ఎవరో కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, "జరుగు జిల్ఫా, చలిలో నాకూ చోటియ్యి," అన్నారు. ఊళ్లోకెల్లా పెద్దదైన తొంభై ఏళ్ల హల్డా బామ్మ. కిందటి నవంబరునుంచి పొయ్యి పక్కనుంచి లేవని మనిషి.

జిల్ఫా అప్పుడు వెనక్కి చూసింది. కిటికీల వైపు గాలి దూరడానికి కూడా చోటు లేదు. పొయ్యి దగ్గర ఓరిన్, మిగతా ఇద్దరు ఊరి పెద్దలు, చెవిటి తాత ఒకాయన ఉన్నారు. తాత ఓటెయ్యడానికి నిలబడలేదు, నిద్రపోతున్నాడు. పొయ్యి భగభగా మండుతోంది, కాచుకోవడానికి మనిషి లేక.

"లెక్కపెట్టనా?" అన్నాడు లెమ్యూల్.

"నాకు కళ్లున్నాయి," అన్నాడు ఓరిన్. అతను హాలు అడ్డంగా దాటి, చల్లటి వైపు వచ్చి, వదిన ఎదురుగా ఆగాడు. ఓరిన్ చెయ్యి చాచాడు.

"ఆ జాడీ ఇటియ్యి వదినా. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి."

ఆ కేకలకు హాలు కప్పు మీది మంచంతా దబ్బున జారిపడిందంటారు. పడే ఉంటుంది. ఎలాగూ పెంకులు మార్చాలిగా.

అధ్యక్షుడి ఓట్లు హాలు ఓరన, తెర చాటున, పొద్దుటినుంచీ పడుతూనే ఉన్నాయి. జిల్ఫా కూడా వెళ్లి వేసి వచ్చింది. ఎవరికి వేసిందో ఎవరూ అడగలేదు. సాయంత్రం లెమ్యూల్ కళ్లజోడు సర్దుకుని ఫలితం చదివాడు. బాస్కమ్‌కి ఇన్ని, స్వేచ్ఛ గుద్దుడాయనకి ఇన్ని. అక్కడ ఆగి, గొంతు సవరించుకున్నాడు. అచ్చువేసిన పేర్లు నచ్చకపోతే ఇంకో పేరు చేత్తో రాయొచ్చు. రాసినది ఎలా ఉంటే అలా చదవాల్సిందే.

"జిల్ఫా పెద్దమ్మ కొట్టంలో దారానికి వేలాడే కొవ్వు ముక్కకు," అన్నాడు లెమ్యూల్, చావు కబురు చెప్పే ముఖంతో, "ఇద్దరికీ కలిపి వచ్చినదానికంటే ఎక్కువ."

చీకటి పడేవేళకి కొట్టంలో ఇంకా ఆవిరి లేస్తూనే ఉంది. కోరా పెనం మాడనివ్వలేదు. ఆ ఏటికి అంత మంచి పాకం మళ్లీ రాలేదు. నీరింకా వస్తోంది, చేతి దగ్గరి కట్టెలు మాత్రం అయిపోవచ్చాయి. తలుపు తోసుకుని ఓరిన్ వచ్చాడు, చంకలో జాడీతో. తన పీట మీద కూర్చుని, ఎదురుగా ఉన్న బోర్డు వంక కాసేపు చూశాడు.

"మంచి పైన్ చెక్క వదినా అది. ఒక్క ముడి లేదు."

జిల్ఫా పొయ్యి తలుపు తెరిచింది. "రంగు ఆరిందా?"

ఓరిన్ లేచి బొటనవేలితో అక్షరాలు రుద్ది చూశాడు. "ఆరింది."

"అయితే ఇటియ్యి."

అతనే గొడ్డలి తీసుకుని దాన్ని నాలుగు చీలికలు చేశాడు. చీలికలు పొయ్యిలో పడగానే మంట చిటపటలాడుతూ ఎగసింది. పెనంలో పాకం ఉరకలేసింది. కొవ్వు ముక్కదాకా పొంగి, దాన్ని తాకి, బుద్ధిగా దిగిపోయింది. పైకప్పు గూటిలోంచి తెల్లటి ఆవిరి గుప్పున లేచింది. అది చూసి, రోడ్డుకవతల ఎవరో లాంతరు పట్టుకుని అప్పుడే మెట్లు దిగుతున్నారు.